మెదడు కణితిని ఇనుముతో చంపడం అంటున్నారు, ఇది ఎంతవరకు వచ్చింది?

పెదకాకాని_అబ్బాయి · సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. మా నాన్నకి 58 ఏళ్లు. మార్చిలో ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు ఎడమ చేతిలోంచి జారిపోయింది. చేయి తడిగా ఉందేమో అనుకున్నాం. మర్నాడు మళ్లీ జారింది. తర్వాత స్కానింగ్, ఆపరేషన్, బయాప్సీ అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. రిపోర్టులో గ్లియోబ్లాస్టోమా (మెదడు క్యాన్సర్ కణితి), గ్రేడ్ 4, ఐడీహెచ్ వైల్డ్ టైప్, ఎంజీఎంటీ అన్‌మిథైలేటెడ్ అని ఉంది. రేడియేషన్ 30 సిట్టింగుల్లో 11 అయ్యాయి. రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మందు 120 మిల్లీగ్రాములు, వంద క్యాప్సూల్ ఒకటి, ఇరవై క్యాప్సూల్ ఒకటి.

నిన్న మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక వార్త పెట్టాడు. ఇనుము వల్ల కణాలు చచ్చిపోయే పద్ధతి ఒకటుందనీ, దాంతో మెదడు కణితులకు మందు వస్తోందనీ. అప్పట్నుంచి ఇంట్లో రెండు పార్టీలు. ఇనుము కణితిని చంపుతుందట కదా అని మా మేనత్త మునగాకు, తోటకూర, బెల్లం వేసిన నువ్వుండలు పంపింది. ఇనుము కణితికి తిండి, ముందు ఐరన్ మాత్ర ఆపండి అంటాడు బావ. అమ్మ రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని నా వంక చూసింది, వెయ్యనా వద్దా అని. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

బెంచ్_దగ్గర · సోమవారం, రాత్రి 11:35

తమ్ముడూ, ముందు ఆ మాత్ర సంగతి. డాక్టరు రాసిందైతే ఆపకండి. ఎందుకో కింద చెప్తాను. నేను డాక్టర్ని కాను. ఆరేళ్లుగా కణాల్లోని కొవ్వులు ఎలా పాడవుతాయో చూసే ల్యాబులో పనిచేస్తున్నాను కాబట్టి ఈ విషయం నాకు కాస్త దగ్గర.

మీ బావ పంపిన వార్తలోని పద్ధతి పేరు ఫెరోప్టోసిస్. సంక్రాంతికి చేసిన చేగోడీల డబ్బాలో అడుగున మిగిలినవి వేసవిలో తీసి చూడండి, ముక్కవాసన కొడతాయి. వాటిలోని నూనె గాలితో కలిసి పాడైపోయింది. ఇనుప మూకుట్లో మిగిలిన నూనె అలాగే వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది, ఇనుము ఆ పనిని తొందరపెడుతుంది. మన కణాల చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. అందులో కొన్ని కొవ్వులు మరీ సున్నితం, గాలిలోని ఆక్సిజన్‌కి సులువుగా దొరికిపోతాయి. కణంలో విడిగా తిరిగే ఇనుము పెరాక్సైడ్‌ని ముట్టుకుంటే నిప్పురవ్వల్లాంటి రాడికల్స్ పుడతాయి. ఈ చర్యను ఫెంటన్ అనే ఆయన 1894లోనే రాశాడు. రాడికల్ ఒక కొవ్వును పాడుచేస్తే అది పక్కదాన్ని, అది ఇంకోదాన్ని. చివరికి పొర చిరిగి కణం పోతుంది.

మరి మనం రోజూ ఎందుకు చచ్చిపోవట్లేదు? ప్రతి కణంలో జీపీఎక్స్4 అనే ఎంజైము ఉంటుంది. పాడైన కొవ్వును పాడైన వెంటనే పట్టుకుని బాగుచేస్తుంది. దానికి గ్లుటాథయోన్ అనే చిన్న అణువు సాయం కావాలి. గ్లుటాథయోన్ తయారవ్వాలంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. సిస్టీన్ బయటినుంచి ఒక గేటు ద్వారా లోపలికొస్తుంది. ఆ గేటు సిస్టీన్ ఒకటి లోపలికి తీసుకుంటే గ్లుటమేట్ ఒకటి బయటికి పంపిస్తుంది. ఈ గ్లుటమేట్ మాట గుర్తుపెట్టుకోండి, మీ నాన్నగారికి ఇది అవసరం, మళ్లీ వస్తాను.

గేటు మూసేసినా కణం చస్తుంది, జీపీఎక్స్4ని పడగొట్టినా చస్తుంది. ఎరాస్టిన్ అనే పదార్థం మొదటి పని చేస్తుంది, ఆర్‌ఎస్‌ఎల్3 రెండోది. కొలంబియా యూనివర్సిటీలో బ్రెంట్ స్టాక్‌వెల్, స్కాట్ డిక్సన్ బృందం 2012లో దీనికి పేరు పెట్టింది. అసలు ఎరాస్టిన్ దొరికింది 2003లో. కణం ఎలా చస్తోందో అర్థం కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మామూలుగా మనం చదువుకున్న కణమరణంలో కణం తన సామాను తానే సర్దుకుని పోతుంది. ఇందులో ఆ సర్దుడు ఉండదు.

సీతమ్మధార_లక్ష్మి · మంగళవారం, ఉదయం 6:20

బెంచ్ గారూ, ఇంత విడమర్చి చెప్పినందుకు చాలా థాంక్స్. మా చెల్లెలికి కూడా ఇదే జబ్బు, రెండో ఏడు నడుస్తోంది. ఒక సందేహం. ఇనుము ఉంటేనే కణం చస్తుందంటే, ఇనుము ఎక్కువ పెడితే కణితి చావాలి కదా? పెదకాకాని బాబు వాళ్ల మేనత్త అన్నది తప్పెలా అవుతుంది?

బెంచ్_దగ్గర · మంగళవారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న లక్ష్మిగారూ. మేనత్తగారి ప్రేమలో తప్పులేదు, లెక్కలోనే తేడా.

మనం తిన్న ఇనుము నేరుగా మెదడులోకి పోదు. పేగు ఎంత కావాలో అంతే తీసుకుంటుంది, ఆ తర్వాత మెదడు గుమ్మం దగ్గర ఇంకో తనిఖీ ఉంటుంది. కణితి మాత్రం తనకి కావలసింది లాక్కుంటుంది. క్లీవ్‌లాండ్‌లో చేసిన పని ఒకటి 2015లో వచ్చింది. గ్లియోబ్లాస్టోమాలో కణితిని మళ్లీ మొలిపించే మూలకణాల్లాంటివి ఉంటాయి. అవి పక్కనున్న కణితి కణాలకన్నా గట్టిగా ఇనుమును లాక్కుంటున్నాయని, దాన్ని ఫెరిటిన్ అనే నిల్వ ప్రోటీన్‌లో దాచుకుంటున్నాయని చూపించారు. అంటే ఇనుము అక్కడ ఇప్పటికే దండిగా ఉంది. లోటు ఇనుముకి కాదు. జీపీఎక్స్4 కాపలా ఉన్నంతకాలం ఆ ఇనుము కణానికి బలమే. కాపలా తీసేస్తేనే అదే ఇనుము దాని మీద తిరగబడుతుంది. ఈ పరిశోధన అంతా ఆ కాపలా గురించే.

బావగారి మాట కూడా ఇందుకే కుదరదు. మాత్ర ఆపితే ముందు తగ్గేది నాన్నగారి రక్తం, కణితి ఇనుము కాదు.

రేడియేషన్_గది · మంగళవారం, మధ్యాహ్నం 2:10

నేను రేడియేషన్ ఆంకాలజీ డాక్టర్ని. మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, రెండు విషయాలు గట్టిగా చెప్పాలనిపించింది.

ఇప్పుడు మీ నాన్నగారికి ఇస్తున్న చికిత్స 2005లో వచ్చిన పెద్ద ట్రయల్ నుంచి వచ్చింది. 60 గ్రే రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్, తర్వాత నెలకి ఐదు రోజుల చొప్పున ఆరు విడతలు. అప్పట్లో ఉత్త రేడియేషన్‌తో మీడియన్ బతుకు, అంటే సగంమంది దాటిన కాలం, 12.1 నెలలు, మాత్ర కలిపితే 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. బయటివాళ్లకి చిన్న అంకెల్లా కనిపిస్తాయేమో. ఆ పెరిగిన పదహారు శాతంలో నా పేషెంట్లు ఉన్నారు, వాళ్ల పిల్లల పెళ్లి ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. ఎంజీఎంటీ అన్‌మిథైలేటెడ్ అయితే, అంటే మందు కొట్టిన దెబ్బను కణితి తానే బాగుచేసుకోగల రకమైతే, మాత్ర ఉపయోగం తక్కువ, ఆ మాట దాచను. అయినా ఒక్క సిట్టింగ్ కూడా తప్పించొద్దు.

రెండోది, రేడియేషన్ కూడా కొంతవరకు ఈ ఫెరోప్టోసిస్ ద్వారానే పనిచేస్తుందని 2019, 2020లలో వేర్వేరు ల్యాబులు చూపించాయి. రేడియేషన్ పడ్డ కణాల్లో కొవ్వులు పాడవుతున్నాయి. ల్యాబులో ఫెరోప్టోసిస్‌ని ఆపాలంటే వాడే వాటిలో ఒకటి విటమిన్ ఇ. అందుకే నా ఓపీలో మొదటి రోజే అడుగుతాను, ఇంట్లో ఏయే బలం మాత్రలు వాడుతున్నారని. చాలామంది సంచిలోంచి విటమిన్ ఇ, సెలీనియం, ఇంకేవో యాంటీ ఆక్సిడెంట్ పౌడర్ల డబ్బాలు తీస్తారు. జీపీఎక్స్4 తయారవ్వాలంటే సెలీనియం కావాలి. పేషెంటు మీద వీటి ప్రభావం ఎంతన్నది వేరే సంగతి, కానీ రేడియేషన్ నడుస్తున్నన్నాళ్లు డాక్టరుకి చెప్పకుండా పెద్ద డోసుల్లో మింగొద్దు. తిండిలో వచ్చేదానికి ఏ భయమూ లేదు. మేనత్తగారి మునగాకు పప్పు హాయిగా పెట్టండి.

పెదకాకాని_అబ్బాయి · మంగళవారం, మధ్యాహ్నం 2:31

డాక్టరుగారూ, చేతులెత్తి నమస్కారం. ఇంట్లో చూశాను, విటమిన్ ఇ క్యాప్సూల్స్ ఉన్నాయి. అమ్మ కాళ్ల నొప్పులకని తెచ్చుకుంది, నీరసంగా ఉన్నాడని నాన్నకి కూడా రోజూ ఒకటి వేస్తోందట. రేపు వెళ్లినప్పుడు చెప్తాను.

మధిర_శ్రీను · మంగళవారం, సాయంత్రం 5:55

నేను నెట్‌లో చదివాను. సల్ఫాసలజైన్ అనే మాత్ర ఆ గేటును మూసేస్తుందట. మా నాన్న కీళ్ల నొప్పులకి అదే వాడతాడు, మెడికల్ షాపులో తక్కువ ధరకే వస్తుంది. ఇది ఎందుకు ఎవరూ ఇవ్వట్లేదు? చౌక మందని కంపెనీలు పట్టించుకోవట్లేదేమో.

ఔషధ_రసాయనం · మంగళవారం, రాత్రి 9:15

శ్రీను గారూ, మీ అనుమానం న్యాయమైనదే. కానీ ఇచ్చి చూశారు. బెల్జియంలో చేశారు, ఫలితం 2009లో వచ్చింది. తిరగబెట్టిన గ్లియోమా (గ్లియోబ్లాస్టోమా జాతి మెదడు కణితి) ఉన్న పదిమందికి రోజుకి ఒకటిన్నర గ్రాము నుంచి ఆరు గ్రాముల దాకా ఇచ్చారు. ఒక్కరికీ కణితి తగ్గలేదు. దుష్ప్రభావాలు మాత్రం అందరికీ వచ్చాయి. పదిమంది దగ్గర మధ్యలో లెక్క చూసి ఆపేశారు. దయచేసి మీ నాన్నగారి సీసాలోది ఎవరికీ ఇవ్వకండి.

ఎందుకు పనిచేయలేదో ఒక కెమిస్టుగా నాకు తోచేది చెప్తాను. ఆ మాత్ర పుట్టిందే పేగు కోసం, కీళ్ల కోసం. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేసేస్తుంది. ముక్కలకి గేటు మూసే శక్తి లేదు. అసలు రక్తంలోకి వెళ్లేదే తక్కువ, అందులో మెదడు దాకా చేరేది ఎంత? పైగా గేటును గట్టిగా పట్టుకునే రకమూ కాదు.

మిగతావాటి సంగతి కూడా ఇంతే. ఎరాస్టిన్ శరీరంలో నిలవదు. దాన్ని మార్చి ఇమిడజోల్ కీటోన్ ఎరాస్టిన్ అని ఇంకొంచెం నిలకడైనది చేశారు. ఆర్‌ఎస్‌ఎల్3 గాజుపాత్రలో అద్భుతంగా పనిచేస్తుంది, కానీ దాని కొసన ఉన్న క్లోరిన్ ముక్క కనబడ్డ ప్రోటీన్‌నల్లా అతుక్కుంటుంది. అలాంటిది మనిషికి ఎక్కించలేం. జీపీఎక్స్4 అణువు మీద మందు కూర్చునే లోతైన గుంట లేదు, చదునుగా ఉంటుంది. మేం మందు తయారుచేసేది తాళం కన్నంలో చెవి పట్టినట్టు పట్టించి. ఇక్కడ కన్నమే లేదు. నేను ఇంకో ఎంజైము మీద ఇలాంటి చదును సమస్యతో నాలుగేళ్లు కొట్టుకున్నాను, అందుకే ఈ ల్యాబుల వాళ్ల మీద నాకు గౌరవం.

ఇంకా పెద్ద భయం వేరే ఉంది. ఎదిగిన ఎలుకల్లో జీపీఎక్స్4 జన్యువును తీసేస్తే కొద్ది వారాల్లో కిడ్నీలు పోయి చచ్చిపోయాయి, 2014 నాటి పని అది. న్యూరాన్లకి, అంటే మెదడులోని నాడీకణాలకి కూడా అది కావాలి. కణితిలో ఆపి, పక్కనున్న మెదడులో ఆపకుండా ఉండాలి. అసలు చిక్కు అక్కడే.

కీమో_డైరీ · మంగళవారం, రాత్రి 11:02

బెంచ్ గారూ, గ్లుటమేట్ మాట మళ్లీ చెప్తానన్నారు. నేను అదే ఎదురుచూస్తున్నాను. మావారికి మొదటి ఫిట్ రాత్రి భోజనం దగ్గర వచ్చింది. ఎడమ పెదవి మూల చిన్నగా అదిరింది. అన్నం గొంతుకు అడ్డం పడిందేమో అనుకుని నీళ్లు ఇచ్చాను. అలా ఇవ్వకూడదని తర్వాత తెలిసింది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. పద్నాలుగు నెలలు ఉన్నారు. ఆయన పోయి ఇప్పుడు రెండేళ్లయింది. ఫిట్స్‌కి, ఈ ఇనుము కథకి సంబంధం ఉందా?

బెంచ్_దగ్గర · బుధవారం, ఉదయం 6:40

ఉందండీ. మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కణితి తన ప్రాణం కాపాడుకోడానికి సిస్టీన్ లాక్కున్న ప్రతిసారీ గ్లుటమేట్‌ని బయటికి తోస్తుంది. గ్లుటమేట్ న్యూరాన్లని రెచ్చగొట్టే పదార్థం. చుట్టుపక్కల మెదడు దాంతో తడిసిపోతే ఫిట్స్ వస్తాయి. 2015లో వచ్చిన పనిలో, దాదాపు సగంమంది కణితుల్లో ఈ గేటు ఎక్కువగా ఉందని, అలాంటివాళ్లకి ఫిట్స్ ఎక్కువని, బతుకు కూడా తక్కువని తేలింది. అదే సల్ఫాసలజైన్ ఇచ్చి స్కానర్‌లో చూస్తే, గేటు ఎక్కువున్న వాళ్లలో గ్లుటమేట్ విడుదల తగ్గింది కూడా. కణితిని తగ్గించలేకపోయిన మాత్ర ఆ ఒక్క పని చేసింది.

మీవారి పెదవి అదిరిందని మీరు రాసినచోట, నాకు ల్యాబులో బొమ్మ గీసుకునే ఆ గేటు కనిపించింది. ఇన్నాళ్లూ అది నాకు కాగితం మీది బాణం గుర్తే.

రేడియేషన్_గది · బుధవారం, మధ్యాహ్నం 1:48

కీమో డైరీ గారు చెప్పింది అందరూ ఇంట్లో గోడమీద రాసుకోవాలి. పక్కకి తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మరవొద్దు.

పరిశోధన గురించి నా అభిప్రాయం కాస్త వేరు, చెప్పకుండా ఉండలేను. గ్లియోబ్లాస్టోమా మధ్యలో చచ్చిన కణజాలం ఉంటుంది, నెక్రోసిస్ అంటాం. అది ఎంత ఎక్కువుంటే జబ్బు అంత మొండిది. 2020లో అమెరికాలో ఒక బృందం ఏం చూపించిందంటే, న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు కణితిలోకి వచ్చి ఫెరోప్టోసిస్ ద్వారానే కొన్ని కణితి కణాలను చంపుతున్నాయి, దాంతో నెక్రోసిస్ పెరిగి జబ్బు మరింత ముదురుతోంది. అంటే కణితి కణం చావడం ఎప్పుడూ మనకి లాభమని అనుకోలేం. వార్తల్లో ఈ ముక్క రాయరు.

బెంచ్_దగ్గర · బుధవారం, రాత్రి 10:20

డాక్టరుగారూ, ఆ పేపరు నేనూ చాలాసార్లు చదివాను, నా నిద్ర కూడా అది పోగొట్టింది. అయినా నేను ఆశ వదలను, ఎందుకో చెప్తాను.

టెమోజోలమైడ్ ముఖ్యంగా విభజన చెందుతున్న కణాలను కొడుతుంది. గ్లియోబ్లాస్టోమాలో అన్ని కణాలూ ఒకలా ఉండవు. కొన్ని నిద్రపోతున్నట్టు విభజన లేకుండా పడుంటాయి, మందు దాటిపోయాక లేస్తాయి. 2024లో కొలంబియా బృందం, అలా నిద్రపోయే, ఆస్ట్రోసైట్ (మెదడులో నాడీకణాలకు సాయపడే కణం) లాంటి కణాలే జీపీఎక్స్4 మీద ఎక్కువ ఆధారపడుతున్నాయని చూపించింది. మన మందులకి లొంగనివే దీనికి లొంగుతున్నాయి. 2017లో వేరే క్యాన్సర్లలో కూడా మందుకి తట్టుకుని మిగిలిన కణాలకు ఇదే బలహీనత కనిపించింది. నేను ఈ పనిలో ఉండిపోయింది ఆ ఒక్క విషయం చూసే. న్యూట్రోఫిల్స్ అక్కడక్కడా చంపడం వేరు, మిగిలిపోయిన కణాలను ఎంచి చంపడం వేరు అని నా నమ్మకం. నమ్మకమే, రుజువు కాదు.

సీతమ్మధార_లక్ష్మి · గురువారం, ఉదయం 5:50

ఎలుకలకి సిస్టీన్, మెథియోనిన్ (ఇదీ ప్రోటీన్లో ఉండే అమైనో ఆమ్లమే) లేని తిండి పెడితే ఎక్కువ రోజులు బతికాయని చదివాను. మా చెల్లెలికి గుడ్డు, చేప ఆపేద్దామా?

రేడియేషన్_గది · గురువారం, ఉదయం 8:15

వద్దమ్మా. ఆ పని 2023లో వచ్చింది, నిజమే, ఎలుకల్లో బాగుంది. కానీ అది ల్యాబులో కొలిచి కలిపిన దాణా. మనం గుడ్డు ఆపితే తగ్గేది మెథియోనిన్ ఒక్కటే కాదు, మొత్తం ప్రోటీన్. స్టెరాయిడ్ వాడుతున్న పేషెంట్లకి తొడ కండ ఎలాగూ కరిగిపోతుంది. కుర్చీలోంచి లేవలేకపోవడం అక్కడ్నుంచే మొదలవుతుంది. చెల్లెలికి రోజూ గుడ్డు పెట్టండి.

కీమో_డైరీ · గురువారం, రాత్రి 9:30

ఒక మాట చెప్పాలి, చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మావారికి తిరగబెట్టినప్పుడు ఒక సెంటర్‌కి వెళ్లాం. పేరు చెప్పను. ఐరన్ నానో ఇంజెక్షన్ ట్రయల్‌లో ఉంది, సీటు ఇప్పిస్తాం అన్నారు. మూడు లక్షల ఇరవై వేలు కట్టాం, మా పుట్టింటివాళ్లు ఇచ్చిన గొలుసు తాకట్టుపెట్టి. మూడు ఇంజెక్షన్లు. సీసా మీద లేబుల్ చింపేసి ఉంది. అడిగితే ట్రయల్ మందుకి లేబుల్ ఉండదన్నారు.

ఔషధ_రసాయనం · గురువారం, రాత్రి 10:05

అమ్మా, మీ బాధ అర్థమైంది. ఇది చదివేవాళ్ల కోసం చెప్తున్నాను. ట్రయల్ మందు సీసాకి లేబుల్ తప్పకుండా ఉంటుంది, పరిశోధన కోసమే అని దాని మీద రాసి ఉంటుంది. పరిశోధన మందుకి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌ని సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ట్రయల్ నంబరు అడగండి, ఎథిక్స్ కమిటీ ఆమోదం అడగండి, సంతకం పెట్టే అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి. ఇవేవీ చూపించకపోతే లేచి వచ్చేయండి.

నానో కణాల మీద పని జరగట్లేదని కాదు. 2016లో కార్నెల్‌లో తయారైన పది నానోమీటర్లకన్నా చిన్న సిలికా కణాలు, ఆకలితో ఉన్న క్యాన్సర్ కణాలను ఫెరోప్టోసిస్‌తో చంపాయి. కానీ అది ల్యాబు, అది ఎలుకలు.

మధిర_శ్రీను · గురువారం, రాత్రి 10:40

మరి ఇనుము లాగేసే మందులు? తలసీమియా పిల్లలకి ఇస్తారు కదా. మెదడులో ఇనుము తీసేస్తే ఎలాగూ మంచిదే అనిపిస్తుంది.

బెంచ్_దగ్గర · గురువారం, రాత్రి 11:10

అలాగే అనిపిస్తుంది శ్రీను గారూ, పెద్ద పెద్దవాళ్లకీ అలాగే అనిపించింది. పార్కిన్సన్స్‌లో మెదడులో ఇనుము పేరుకుంటుంది కాబట్టి డెఫెరిప్రోన్ ఇచ్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. ఇనుము తగ్గింది, మనుషులు మాత్రం మందు ఇవ్వనివాళ్లకన్నా ఎక్కువ పాడయ్యారు. వేరే జబ్బే అనుకోండి. కానీ ఇనుముని ఊరికే తీసేసినా పెట్టేసినా మెదడు ఊరుకోదని అది చూశాక నాకు బాగా అర్థమైంది.

పెదకాకాని_అబ్బాయి · తర్వాతి బుధవారం, రాత్రి 9:50

అందరికీ. ఇవాళ డాక్టరుగారికి ఇక్కడ రాసుకున్న కాగితం చూపించాను. నాన్న హిమోగ్లోబిన్ 9.4 ఉంది. ఐరన్ మాత్ర ఆపొద్దన్నారు. విటమిన్ ఇ క్యాప్సూల్ ఆపేయమన్నారు. అమ్మ ఆ సీసా తన అలమారలో పెట్టేసుకుంది. ఫిట్స్ మాత్రకి ఫోన్లో రెండు పూటలా అలారం పెట్టాను. ఫెరోప్టోసిస్ ట్రయల్ ఏమైనా ఉందా అని అడిగితే, ఆయన నా ముందే కంప్యూటర్లో సీటీఆర్‌ఐ తెరిచి వెతికారు. మీ నాన్నకి సరిపోయేది ఇవాళ్టికి లేదు, నెలకోసారి నేనే చూస్తాను అన్నారు.

మేనత్తకి ఫోన్ చేసి మునగాకు పంపమన్నాను. బావకి బెంచ్ గారి పోస్టు పంపాను, రెండు రోజులు ఏం అనలేదు, తర్వాత వచ్చి నాన్నని కారులో రేడియేషన్‌కి తీసుకెళ్తున్నాడు.

ఒకటి అడగాలి. టెమోజోలమైడ్ ఖాళీ కడుపుతో ఇవ్వమన్నారు, వాంతి మాత్ర దానికి అరగంట ముందు. మా సిట్టింగ్ టైము ఉదయం తొమ్మిదికి మార్చారు. ఇప్పుడు ఎన్నింటికి ఇవ్వాలి?

రేడియేషన్_గది · తర్వాతి బుధవారం, రాత్రి 10:12

రేడియేషన్‌కి గంట ముందు క్యాప్సూల్ పడేలా చూసుకోండి. ఏడున్నరకి వాంతి మాత్ర, ఎనిమిదికి క్యాప్సూల్స్. క్యాప్సూల్ విప్పొద్దు, నమలనివ్వొద్దు, మీరు చేత్తో ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. టిఫిన్ సిట్టింగ్ అయ్యాక. రేపు టెక్నీషియన్‌ని కూడా ఒకసారి అడగండి, మెషీన్ ఆలస్యమైతే ముందే ఫోన్ చేస్తారు.